ఛాతీ స్కానులో తిత్తి కనిపించిందా?

జ్వరం తగ్గినా దగ్గు విడవడం లేదని ఒకరికి, స్కూటరు మీంచి పడ్డారని ఇంకొకరికి, యాభయ్యో ఏడు వచ్చింది గదా, ఒకసారి ఒళ్లంతా చూపించుకుందామని మరొకరికి ఛాతీ సి.టి. స్కాను తీస్తారు. వెతికిన జబ్బు కనిపించదు. వెతకనిది మాత్రం ఒకటి కనిపిస్తుంది. రిపోర్టు చివర ‘సిస్ట్’ అని ఒక మాట, దాని పక్కన సెంటీమీటర్లలో కొలత, ఆఖరున ‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’ అని ఒక ముక్తాయింపు ఉంటాయి. ఇక ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ‘గడ్డట’ అని ఒకరు, ‘కాన్సరేమో’ అని ఇంకొకరు. తెల్లారేసరికి బంధువుల్లో సగంమందికి కబురు వెళ్లిపోతుంది.

ముందుగా ఒక మాట. ఇలా అనుకోకుండా బయటపడే తిత్తుల్లో ఎక్కువభాగం ప్రాణానికి ముప్పు తెచ్చేవి కావు. అయితే కొన్ని తెచ్చేవే. ఈ రెండు రకాలనూ వేరుచేసేది ‘సిస్ట్’ అన్న పేరు కాదు. అది ఎక్కడుంది, దాని లోపల ఏముంది, దాని గోడ ఎలా ఉంది, అది పెరుగుతోందా లేదా అన్న నాలుగు సంగతులు. ఈ నాలుగూ తెలియకుండా భయపడటమూ తప్పే, తెలియకుండా ధీమాగా ఉండటమూ తప్పే.

తిత్తి వేరు, గడ్డ వేరు

తిత్తి అంటే పలచని గోడ ఉన్న సంచి. లోపల నీరు ఉండవచ్చు, జిగురు ఉండవచ్చు, గాలి ఉండవచ్చు. గడ్డ అంటే లోపలంతా కండలాగా గట్టిగా ఉండేది. నీళ్లు నింపిన రబ్బరు బుడగ తిత్తి అయితే, బంగాళాదుంప గడ్డ. మన ఇళ్లల్లో రెంటినీ కలిపి ‘గడ్డ’ అనేయడం వల్లనే సగం భయం పుడుతుంది.

ఛాతీలో తిత్తులు రెండుచోట్ల వస్తాయి. రెండు ఊపిరితిత్తుల నడుమ గుండె, అన్నవాహిక, శ్వాసనాళం, పెద్ద రక్తనాళాలు ఉండే చోటు ఒకటి. దీన్ని మీడియాస్టినమ్ అంటారు. ఇక్కడ వచ్చేవి సాధారణంగా నీటితిత్తులు. రెండోచోటు ఊపిరితిత్తుల లోపల. ఇక్కడ వచ్చేవి ఎక్కువగా గాలితిత్తులు. మీ రిపోర్టులో మొదట చూడవలసింది ఇదే.

ఇప్పుడే ఎందుకు కనిపిస్తున్నాయి?

ఈ తిత్తులు కొత్తగా పుట్టుకొచ్చినవి కావు. మన తాతల ఛాతీల్లోనూ ఉండేవి. చూసే కన్నే లేదు. ఎక్స్‌రే అనేది ఒక నీడ. గుండె వెనక ఏముందో ఆ నీడలో కలిసిపోతుంది. సి.టి. అలా కాదు. దొండకాయను చక్రాలుగా తరిగినట్టు శరీరాన్ని పలచని పొరలుగా విడదీసి చూపుతుంది.

ఈ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాడు, ఇంజనీరు. కుక్కబొమ్మ గ్రామఫోను రికార్డుల వెనక ఉన్న ఇ.ఎం.ఐ. కంపెనీలో ఉద్యోగి. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారిగా ఒక రోగి తలకు ఈ స్కాను తీశారు. 1979లో ఆయనకు, దీనికి లెక్కలు కట్టిన అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇవాళ జిల్లా కేంద్రాల్లోనే కాదు, చిన్న పట్టణాల్లో కూడా స్కానింగ్ సెంటర్లున్నాయి. 2020, 2021 కరోనా రోజుల్లో ఎంతమంది ఛాతీ స్కాను తీయించుకున్నారో మీకు తెలుసు. కరోనా పోయింది గాని ఆ ఫిల్ముల్లో కనిపించిన తిత్తుల గురించిన బెంగ కొందరికి ఇంకా పోలేదు.

స్కానులో కనిపించే ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్న. గాలికి మైనస్ 1000. కొవ్వుకు సుమారు మైనస్ 100. కండకు 40 నుంచి 60 దాకా. ఎముకకు కొన్ని వందలు. తిత్తి లోపల అంకె సున్నకు, ఇరవైకి మధ్య ఉంటే అది నీరని చెప్పవచ్చు. రక్తనాళంలోకి కాంట్రాస్టు మందు ఎక్కించి తీసినప్పుడు గడ్డలోకి రక్తంతోపాటు మందు వెళుతుంది గనక అది తెల్లబడుతుంది. నీటితిత్తి లోపలికి మందు వెళ్లదు, అది మారదు.

గుండె పక్కన నీటితిత్తి

గుండె చుట్టూ పలచని సంచిలాంటి పొర ఉంటుంది. తల్లి కడుపులో ఉండగా ఆ పొర ఏర్పడేటప్పుడు ఒక చిన్న భాగం విడిగా మిగిలిపోతే అదే తర్వాత తిత్తి అవుతుంది. పాత లెక్కల ప్రకారం ఇది లక్షమందిలో ఒకరికి ఉంటుంది. ఎక్కువగా గుండెకు కుడివైపున, డయాఫ్రం మీద ఆనుకుని కనిపిస్తుంది. లోపలి నీరు తేటగా ఉంటుంది గనక పాతకాలపు డాక్టర్లు దీనికి ‘ఊటనీటి తిత్తి’ అని పేరు పెట్టారు. చాలామందికి దీనివల్ల జీవితాంతం ఏ బాధా ఉండదు.

మా ఆస్పత్రికి వచ్చిన ఒక గుమాస్తాగారి సంగతి చెబుతాను. వయసు యాభయ్యారు. గుండె పక్కన అయిదు సెంటీమీటర్ల తిత్తి ఉందని రిపోర్టు. ఛాతీ తెరిచి తీసేయాలని ఎవరో చెప్పారట. కూతురి పెళ్లికని దాచిన బంగారం తాకట్టు పెట్టడానికి సిద్ధపడి, చివరిగా ఒక మాట అడిగిపోదామని భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయనకు ఆయాసం లేదు, నొప్పి లేదు. ‘పాత ఎక్స్‌రే ఏదైనా ఉందా?’ అని అడిగాను. ఆయన లేదన్నారు. ‘ఉందండీ, మీకు న్యుమోనియా వచ్చినప్పుడు తీసింది, ట్రంకుపెట్టె అడుగున పెట్టాను’ అన్నది ఆవిడ. మర్నాడు తెచ్చారు. పదకొండేళ్ల కిందటి ఫిల్ము. గుండె కుడి అంచున అదే చోట, అదే సైజులో, నున్నటి గుండ్రని ఉబ్బు. పదకొండేళ్లుగా అది కదలలేదు, పెరగలేదు. ఎకో పరీక్షలో లోపల ఉన్నది నీరేనని తేలింది. బంగారం బీరువాలోనే ఉండిపోయింది, తిత్తి ఛాతీలోనే ఉండిపోయింది. రెంటికీ ఏ ప్రమాదమూ లేదు.

అందుకే చెబుతున్నాను, పాత ఫిల్ములు పారేయకండి. ఏ ఖరీదైన పరీక్షా చెప్పలేని సంగతిని ఒక్కోసారి అవి చెబుతాయి. ఫిల్ము ఇవ్వకుండా సి.డి. ఇస్తే దాన్నీ దాచండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

నీరు నీరులా కనిపించనప్పుడు

ఇక శ్వాసనాళం పక్కన, అది రెండుగా చీలేచోట కనిపించే తిత్తి ఒకటుంది. దీన్ని బ్రాంకోజెనిక్ సిస్ట్ అంటారు. పిండానికి నాలుగు నుంచి ఆరు వారాల వయసులో, ఊపిరిగొట్టాలు మొలకెత్తే సమయంలో, ఒక మొలక తప్పిపోయి విడిగా పెరిగితే ఇది తయారవుతుంది. దీని లోపలి గోడ శ్వాసనాళం గోడలాంటిదే గనక జిగురు ఊరి చేరుతుంది. అన్నవాహికను అంటిపెట్టుకుని కూడా ఇటువంటి తిత్తి ఒకటి వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. జిగురులో మాంసకృత్తులు, సున్నం పేరుకుంటే స్కానులో దాని అంకె సున్న దగ్గర ఉండదు. నలభై, అరవై, ఇంకా ఎక్కువే చూపవచ్చు. అప్పుడది గట్టి గడ్డలాగా కనిపిస్తుంది. రిపోర్టులో ‘మాస్’ అని పడుతుంది. ఇటువంటప్పుడు కత్తికన్నా ముందు ఎం.ఆర్.ఐ. తీయించమని అడగండి. లోపల ఉన్నది ద్రవమా, కండా అన్నది ఎం.ఆర్.ఐ. బాగా విడమరచి చెబుతుంది. దానికి ఎక్స్‌రే కిరణాలతో పనిలేదు కూడా.

రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథి విషయమూ ఇంతే. చిన్నతనంలో పెద్దగా ఉండి, వయసుతోపాటు కొవ్వుగా మారిపోయే గ్రంథి ఇది. దీనిలో మామూలు నీటితిత్తి వచ్చినా స్కానులో ఒక్కోసారి గడ్డలా కనిపిస్తుంది. అలా పొరబడి, తీయనక్కరలేని గ్రంథిని తీసేయడం పెద్ద పెద్ద దేశాల్లోనూ జరిగింది. అయితే తిత్తి లోపల అడ్డుగోడలున్నా, ఒక పక్క కండలాంటి భాగమున్నా, సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోవడం, నమలడానికి, మింగడానికి బలం చాలకపోవడం ఉన్నా ఆలస్యం చేయకూడదు. థైమస్ గడ్డకు, ఆ నీరసానికి సంబంధం ఉంటుంది.

బ్రాంకోజెనిక్ తిత్తి పిల్లల్లో శ్వాసనాళాన్ని నొక్కవచ్చు. పెద్దల్లో చీము పట్టవచ్చు. బాధ పెడుతున్నదాన్ని తీసేయడమే మంచిది. ఏ బాధా లేనిదాన్ని తీయాలా, గమనిస్తూ ఉండాలా అన్నది దాని సైజును, మీ వయసును, ఒంటి స్థితిని బట్టి సర్జనుతో కూర్చుని నిర్ణయించుకోవలసిన విషయం. ఇదేమీ రాత్రికి రాత్రి తేల్చుకోవలసింది కాదు.

ఊపిరితిత్తిలో గాలితిత్తులు

తల నెరిసినట్టే ఊపిరితిత్తికీ వయసు వస్తుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్లో 1948 నుంచి తరతరాలుగా జనం ఆరోగ్యాన్ని గమనిస్తూ వస్తున్నారు. ఆ పరిశోధనలో 2,633 మందికి తీసిన ఛాతీ స్కానులను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 7.6 మందికి ఊపిరితిత్తుల్లో గాలితిత్తులు కనిపించాయి. నలభై ఏళ్లలోపు వారిలో ఒక్కరికీ లేవు. వయసు పెరిగినకొద్దీ ఎక్కువయ్యాయి. వాటివల్ల ఊపిరి సామర్థ్యం తగ్గినట్టు కనిపించలేదు. కాగా అయిదు, అంతకు మించి తిత్తులున్నవారు నూటికి ఒకరు కూడా లేరు.

దీన్నిబట్టి మీకు ఒక కొలబద్ద దొరుకుతుంది. నలభై దాటినవారికి ఒకటో రెండో పలచగోడ తిత్తులు, ఆయాసం లేకుండా ఉంటే, సామాన్యంగా బెంగపడవలసింది లేదు. చిన్న వయసులో కనిపించినా, రెండువైపులా చాలా కనిపించినా సంగతి వేరు.

ముప్ఫై రెండేళ్ల స్కూలు టీచరు ఒకామె రెండేళ్లుగా మెట్లెక్కితే ఆయాసమని ఉబ్బసం మందులు వాడుతున్నది. రెండుసార్లు ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటకు వచ్చి, గొట్టం వేయవలసి వచ్చింది. స్కానులో రెండు ఊపిరితిత్తుల నిండా ఒకేరకం గుండ్రని తిత్తులు. కడుపు స్కానులో మూత్రపిండంలో కొవ్వుతో కూడిన గడ్డ. ఇది లామ్ అనే అరుదైన జబ్బు. దాదాపుగా స్త్రీలకే వస్తుంది. దీనికి సిరోలిమస్ అనే మందు పనిచేస్తుందని 2011లో వెలువడిన పరిశోధన తేల్చింది. జబ్బును అది తుడిచివేయదు గాని, ఊపిరి దిగజారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆమె ఇవాళ మళ్లీ పాఠాలు చెబుతున్నది. ‘ఏదో చిన్న బుడగలే’ అని ఊరుకుని ఉంటే?

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఊపిరితిత్తి చిల్లుపడటం, ముఖం మీద, మెడ మీద తెల్లటి చిన్న పొక్కులు, మూత్రపిండాల్లో గడ్డలు ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే మరో జబ్బు కావచ్చు. అంచేత డాక్టరుకు మీ ఇంటి చరిత్ర దాచకుండా చెప్పండి. సిగరెట్టు, బీడీ కాల్చేవారికి వచ్చే తిత్తుల జబ్బులూ ఉన్నాయి. వాటికి మొదటి మందు మానేయడమే.

గోడ మందంగా ఉంటే

గాలితిత్తి గోడ రెండు మిల్లీమీటర్లకన్నా పలచగా ఉండాలి. అంతకన్నా మందంగా ఉంటే దాన్ని తిత్తి అనకుండా గుహ అనడం సబబు. మన దేశంలో గుహ అనగానే ముందు గుర్తుకు రావలసింది క్షయ. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం, మందులూ ఉచితం.

గోడ ఒకచోట మాత్రమే మందమై, అక్కడ చిన్న కంతిలాంటిది లేచినా, ఇదివరకటి స్కానుతో పోలిస్తే ఆ మందం పెరిగినా కాన్సరు కాదని తేల్చుకునేదాకా వదలకూడదు. పొగతాగేవారి విషయంలో మరీను.

సూది గుచ్చకూడని తిత్తి

గొర్రెలు, కుక్కలు కలిసి తిరిగే ప్రాంతాలవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. కుక్క పేగుల్లో కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే చిన్న బద్దెపురుగు ఒకటి ఉంటుంది. దాని గుడ్లు కుక్క మలంతో మట్టిలో, ఆకుకూరల మీద, కుక్క బొచ్చు మీద చేరి, అక్కడినుంచి మన నోట్లోకి వెళతాయి. లోపల అవి నీటితిత్తిగా మారి, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతాయి. ఎక్కువగా కాలేయంలో, ఆ తర్వాత ఊపిరితిత్తిలో. దీన్నే హైడాటిడ్ తిత్తి అంటారు. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎక్స్‌రేలో ఫిరంగి గుండులాంటి నున్నటి నీడగా బయటపడుతుంది.

ఇది పగిలితే ఒక్కసారిగా ఉప్పటి నీరు దగ్గుతో వస్తుంది, ద్రాక్షతొక్కల్లాంటి పొరలు పడతాయి. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అంచేత ఊపిరితిత్తిలో ఉన్నది హైడాటిడ్ కావచ్చునన్న అనుమానం ఉంటే, ‘ఏముందో చూద్దాం’ అని సూది గుచ్చడం పనికిరాదు. రక్తపరీక్ష లేదని చెప్పినంత మాత్రాన నమ్మడానికీ లేదు. ఊపిరితిత్తి తిత్తిలో ఆ పరీక్ష తప్పవచ్చు. మీ ఇంట్లో కుక్క ఉందా, గొర్రెలున్నాయా అన్నది డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. పురుగుల మందు బిళ్లలు కూడా సొంతంగా మింగవద్దు. ఊపిరితిత్తిలో పెద్ద తిత్తి ఉన్నప్పుడు వాటివల్లే అది పగలవచ్చు. దీనికి ఆపరేషనే ముఖ్యమైన చికిత్స. రాకుండా ఉండాలంటే కుక్కకు పశువైద్యుని చేత క్రమం తప్పకుండా పురుగుల మందు వేయించండి. కోసిన గొర్రె పేగులు, కాలేయం ముక్కలు కుక్కలకు విసరకండి. కూరలు కడిగి, చేతులు కడిగి తినండి.

డాక్టరును ఏమడగాలి?

రిపోర్టుతోపాటు ఫిల్ములు, పాతవి కొత్తవి అన్నీ పట్టుకెళ్లి ఈ అయిదూ అడగండి.

1. ఇది ఎక్కడుంది? ఊపిరితిత్తిలోనా, నడుమనా?
2. లోపల నీరా, గాలా, కండా?
3. గోడ పలచగా, అంతటా ఒకేలాగా ఉందా?
4. పాతదానితో పోలిస్తే పెరిగిందా?
5. మళ్లీ పరీక్ష కావాలా? కావాలంటే ఎప్పుడు, ఏది?

చివరి ప్రశ్న ముఖ్యం. మామూలు ఛాతీ సి.టి.లో పడే కిరణాలు సుమారు అరవై ఛాతీ ఎక్స్‌రేలకు సమానం. అవసరానికి తీయించడంలో తప్పులేదు. మనసు కుదుటపడటం కోసం మూడు నెలలకొకసారి తీయించడం మాత్రం తప్పు. గుండె పక్కనున్న నీటితిత్తిని ఎకోతో చూడవచ్చు. ఊపిరితిత్తిదయితే తక్కువ కిరణాలతో తీసే స్కాను ఉంది, అది అడగండి.

మీ సందేహాలు

తిత్తి కరగడానికి మందులున్నాయా? పుట్టుకతో వచ్చిన నీటితిత్తినీ, వయసుతో వచ్చిన గాలితిత్తినీ కరిగించే మందు ఏ వైద్యంలోనూ లేదు. ఉందని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

పథ్యం చేయాలా? అక్కరలేదు. వంకాయ తిన్నా, పెరుగు తిన్నా తిత్తి పెరగదు.

విమానం ఎక్కవచ్చా? నీటితిత్తికి అభ్యంతరం లేదు. పెద్ద గాలితిత్తి ఉన్నవారు, ఇదివరకు ఊపిరితిత్తి చిల్లుపడినవారు డాక్టరును అడిగి ఎక్కాలి. పైకి వెళ్లినకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టే కుంభకం వంటివి కూడా వీరు అడిగి చేయడమే మంచిది.

కాన్సరుగా మారుతుందా? పలచని గోడ, తేటనీరు ఉన్న తిత్తి మారడం చాలా అరుదు. గోడలో మార్పు వచ్చినదాన్నే అనుమానించాలి.

ఎప్పుడు పరుగెత్తాలి? ఛాతీలో ఒక పక్క హఠాత్తుగా పొడిచినట్టు నొప్పి, దానితో ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా, ఉప్పునీరు, పొరలు పడినా, మెడ, ముఖం వాచినా, మింగుడు పడకపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి. తెల్లారనిద్దాం అనుకోకండి.

ఇవేవీ లేకపోతే మీకు వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో ఆస్తులు అమ్మడానికి పరుగెత్తకండి. రిపోర్టు బీరువాలో పడేసి మరచిపోకండి. పాత ఫిల్ములు వెతికి, తారీఖు వేసి, అన్నీ ఒక కవరులో పెట్టి డాక్టరుకు చూపండి.